పాశ్చాత్య గానబృందములు – 9: బక్స్ ఫిజ్, ఒక నామధేయపు వ్యాజ్యము

గత ఖండమున బ్రదర్‌హుడ్ ఆఫ్ మ్యాన్ బృందమును గూర్చి ముచ్చటించుచు, 1969లో గీతకర్త టోనీ హిల్లర్ సమకూర్చిన మొదటి గాయకులలో ఒక్కరైనను 1976లో హేగ్ నగరమున యూరోవిజన్ అను ఐరోపా దేశముల పాటలపోటీలో బహుమానము నందుకొన్న వేదికపై లేరనియు, మనుషులందరును మారినను పేరు మాత్రము మారక నిలిచినదనియు చెప్పియుంటిమి. అట్లయినచో గానబృందమనగా పాడు మనుషులా, పాడించు యజమానులా, లేక గోడప్రకటనపై అచ్చుపడు పేరా యను సందేహము చదువరులకు కలుగక మానదు. హిల్లర్‌గారి బృందమున ఈ ప్రశ్న ఎవరినిని బాధింపలేదు. మారినవారు మారిరి, నిలిచినవారు పాడిరి. కాని అయిదేండ్ల తరువాత అదే పోటీకి, అదే ఇద్దరు పురుషులు ఇద్దరు స్త్రీల కూర్పుతో, ఇంచుమించు అదే పద్ధతిని పుట్టిన మరియొక బృందమున ఈ ప్రశ్నయే పెరిగి పెద్దదై, స్నేహములను చీల్చి, న్యాయవాదులను పోషించి, ముప్పది యేండ్ల పిమ్మట ప్రభుత్వాధికారి యెదుట తీర్పునకు వచ్చినది. ఆ బృందము పేరు బక్స్ ఫిజ్.

ఆ కాలమున యూరోవిజన్ పోటీకి బ్రిటిష్ పక్షమున పోవలసిన పాటను బి.బి.సి. వారు ‘ఎ సాంగ్ ఫర్ యూరప్’ అను దేశీయ పోటీ ద్వారా నిర్ణయించుచుండిరి. ఇందు గమనింపవలసిన విశేషమేమనగా, పోటీకి పంపబడునది పాటయే కాని పాడువారు కారు. స్వరకర్తయు, ప్రచురణకర్తయు కలిసి ఒక నమూనా రికార్డును సమర్పింతురు. అది తుది జాబితాకు ఎక్కినచో, దానిని టెలివిజన్‌లో ఎవరు పాడవలయునో అటుపిమ్మట ఆలోచించుకొందురు. 1980 చివర ఆండీ హిల్, జాన్ డాంటర్ అను ఇద్దరు రచయితలు ‘మేకింగ్ యువర్ మైండ్ అప్’ అను హుషారైన పాటను కట్టిరి. హిల్‌కు సహచరియై, పాటయందును వ్యవహారమునందును ఆరితేరిన నికోలా మార్టిన్ దానిని పోటీకి పంపించెను. నమూనా రికార్డులో ఆమెయు, హిల్‌యు, మైక్ నోలన్ అను గాయకుడును గొంతు కలిపిరి. పాట ఎంపికకు నిలిచెను. తుది పోటీకి నిర్ణయమైన ఎనిమిదింటిలో ఒకటి యయ్యెను. అప్పటికి బృందము లేదు, ఉన్నది పేరొక్కటే. మార్టిన్ తనకు ప్రీతియైన పానీయము పేరునే దానికి పెట్టెను. షాంపేన్ మద్యమును నారింజరసమును కలిపి 1921లో లండన్‌లోని బక్స్ క్లబ్బున తొలుత అందించిన ఆ పానీయమును ఆంగ్లేయులు పెండ్లివిందులలో ముచ్చటపడి త్రాగుదురు. వరుడు దొరకకముందే లగ్నపత్రిక వ్రాసినట్లు, పాటయు పేరును సిద్ధమై కూర్చుండగా, గాయకుల కొరకు వెదకులాట మొదలైనది.

నమూనాలో పాడిన నోలన్ సహజముగనే మొదటివాడుగా నిలిచెను. ఇతడు డబ్లిన్ నగరమున పుట్టినవాడు. పోటీ ఆ యేడు ఆ నగరముననే జరుగబోవుట విధివిలాసము. చెరిల్ బేకర్ అప్పటికే ఈ పోటీ రుచి చూచినది. 1978లో పారిసు నగరమున కో-కో అను బృందముతో బ్రిటిష్ పక్షమున పాడి పదునొకండవ స్థానముతో తిరిగివచ్చినది. మిగిలిన ఇద్దరిని పరీక్షించి తీసికొనిరి. నాట్యమునందును నేర్పు గల జే ఆస్టన్ ఒకతె. పురుషులలో మొదట స్టీఫెన్ ఫిషర్ అను యువకుడు నచ్చెను గాని, అతడు అంతకుముందే ఒక సంగీతనాటకమునకు ఒప్పుకొనియుండుటచే ఆ స్థానము రాబర్ట్ గబ్బీకి, అనగా రంగస్థలనామమున బాబీ జీకి, దక్కెను. ఈ ఫిషర్ కథ ఇంతటితో ముగియలేదు. మరుసటి యేట మార్టిన్ ఇదే రీతిని ‘బార్డో’ అను జంటను నిలిపినప్పుడు అందులో చేరి, 1982లో హారోగేట్ నగరమున బ్రిటిష్ పక్షమున పాడి ఏడవ స్థానము పొందెను. ఒక అచ్చులో నుండి ఒకదాని వెంట ఒకటిగా బృందములను పోతపోయు నేర్పు మార్టిన్‌ది; ఆ నేర్పును తక్కువ చేసి మాటలాడుట తగదు గాని, పోతపోసిన వస్తువులకు ప్రాణము వచ్చినచో ఏమగునో ఆమె ఊహించినట్లు కనబడదు.

1981 జనవరిలో నలుగురును తొలిసారి ఒకచోట కలిసికొనిరి. మార్చిలో దేశీయ పోటీ గెలిచిరి. ఆ పోటీలోనే మార్టిన్, హిల్ ఇద్దరును ‘జెమ్’ అను వేరొక బృందమున చేరి తమ మరియొక పాటను పాడి ఓడిరనుట ఒక వింత. తాము స్వయముగా పాడినది వెనుకబడగా, తాము కూర్చినవారు ముందుకు పోయిరి. ఓడిన ఆ పాట మాత్రము వ్యర్థము కాలేదు. మరుసటి యేట లియో సేయర్ గొంతున ప్రసిద్ధి కెక్కినది.

1980లో ఐర్లండు గాయకుడు జానీ లోగన్ గెలిచియుండుటచే 1981 ఏప్రిల్ 4వ తేదీ పోటీ డబ్లిన్‌లో జరిగినది. ఇరువది దేశములు పాల్గొన్నవి. ఆ రాత్రిని గూర్చి నేటికిని జనులు చెప్పుకొనునది పాటను గూర్చి కాదు, లంగాలను గూర్చి. పాట నడుమ ఒక చరణము చెంత పురుషులిద్దరును స్త్రీల పొడుగు లంగాలను చటుక్కున లాగివేయగా లోపల పొట్టి లంగాలు బయటపడును. క్రిస్సీ విక్‌హామ్ అను నర్తకి కూర్చిన అడుగుల మధ్య ఈ చమత్కారము బాణసంచవలె ప్రేలెను. దాని నెవరు తలపెట్టిరో తరువాత ఎవరికి వారు తమదేనని చెప్పుకొనిరి. గెలిచిన ఆలోచనకు తండ్రులు పెక్కుమంది యగుట లోకసహజమే కదా. సంగీతదృష్టితో చూచినచో ఆ రాత్రి వారి గానము అంత నిర్దుష్టమైనది కాదు. బెదురువలన స్వరములు తప్పినవి, గొంతుల పొత్తు కుదురలేదు. రికార్డు విన్న చెవులతో ఆ ప్రదర్శనమును వినినవారికి ఆ యంతరము స్పష్టముగ తెలియును.

అయినను గెలిచిరి. నాటి మార్కుల పద్ధతి ననుసరించి ప్రతి దేశపు న్యాయనిర్ణేతలును తమకు నచ్చిన పది పాటలకు ఒకటి మొదలు ఎనిమిది వరకును, పైని పది, పండ్రెండు చొప్పునను ఇచ్చుచుండిరి. బక్స్ ఫిజ్‌కు పండ్రెండేసి యిచ్చిన దేశములు నెదర్లాండ్స్, ఇజ్రాయెల్ రెండు మాత్రమే. కాని నడిమి మార్కులు దాదాపు అన్ని దిక్కులనుండియు కురిసి, మొత్తము 136 అయినవి. జర్మనీ పక్షమున పాడిన లేనా వలైటిస్‌కు 132. నాలుగు మార్కుల యెడముతో బ్రిటనుకు నాలుగవ విజయము లభించినది. ఎవరికిని ప్రాణప్రదము కాకుండ, అందరికిని సుమారుగ నచ్చుటయే ఇట్టి పోటీలలో గెలుపు రహస్యమని ఈ లెక్క చెప్పకయే చెప్పుచున్నది.

విజయము తరువాతి వారముననే లండన్‌లోని బ్రిక్స్‌టన్ పేటలో నల్లజాతి యువకులకును పోలీసులకును మధ్య భయంకరమైన కల్లోలము చెలరేగినది. నిరుద్యోగము పెరుగుచుండెను; పరిశ్రమలు మూతపడుచుండెను. అట్టి వసంతమున, ఏప్రిల్ నడిమి నుండి మూడు వారములు, దేశపు రికార్డుల పట్టికలో అగ్రస్థానము నలంకరించినది ‘మేకింగ్ యువర్ మైండ్ అప్’. కష్టకాలమున జనులు తేలికపాటను కోరుదురని కొందరు దీనికి భాష్యము చెప్పుదురు. అది నాకు పూర్తిగా సమ్మతము కాదు. అదే యేడు అదే పట్టికలో నగరముల శిథిలత్వమును వర్ణించిన స్పెషల్స్ బృందము పాటయు అగ్రస్థానమున కెక్కినది గదా.

సామాన్యముగ యూరోవిజన్ విజేతల యాయుర్దాయము ఒక్క వేసవి. బక్స్ ఫిజ్ అట్లు ముగియకపోవుటకు కారణము ఆండీ హిల్. వేదికపై పొత్తు కుదరని నాలుగు గొంతులను అతడు రికార్డింగు గదిలో పొరలుపొరలుగా పేర్చి, ఒకదానిపై నొకటి అతికి, నలుగురు పాడినది నలువదిమంది పాడినట్లు వినబడునట్లు చేయగలిగెను. అంతకంటె పెద్ద మేలు, పీట్ సిన్‌ఫీల్డ్ అను కవిని తెచ్చుకొనుట. కింగ్ క్రిమ్సన్ అను గంభీరమైన రాక్ బృందమునకు గహనమైన గీతములు వ్రాసిన ఈ సిన్‌ఫీల్డ్, లంగాలు లాగు బృందమునకు పాట వ్రాయుటకు ఒప్పుకొనుట నాటి సంగీతప్రియులకు నోరు తెరపించినది. అతడు వ్రాసినది ‘ది లాండ్ ఆఫ్ మేక్ బిలీవ్’. పైకి పిల్లల కథవలె, ఊహాలోకములు, నీడలు, పిలుపులు. లోపల మాత్రము నాటి ప్రధాని మార్గరెట్ థాచర్ ప్రభుత్వముపై ఎత్తిపొడుపు అని రచయితయే తరువాత ప్రకటించెను. పాట వినుచు గంతులు వేసిన బాలబాలికలలో ఎవరికిని ఆ మర్మము తెలిసియుండదు. కాని 1982 జనవరిలో హ్యూమన్ లీగ్ బృందమును క్రిందికి దింపి రెండు వారములు ఆ పాట అగ్రస్థానమున నున్న దినములలోనే బ్రిటనులో నిరుద్యోగుల సంఖ్య 30 లక్షలు దాటినదని ప్రభుత్వము ప్రకటించెను. ఈ కాలసంయోగము నెరిగి ఆ పాటను మరల వినినచో, ఆ మధురస్వరముల అడుగున నొక చలి తగులును.

ఏప్రిల్‌లో ‘మై కెమెరా నెవర్ లైస్’ మరల అగ్రస్థానమందెను. మాటలు తెగి, తిరిగి అతుకుచు, గొంతులు ఒకదాని వెంట నొకటి తరుముకొనుచు పోవు ఈ పాట, కూర్పునందు బృందపు రికార్డులన్నింటిలో మేటియని నా యభిప్రాయము. వేసవిలో వచ్చిన ‘నౌ దోజ్ డేస్ ఆర్ గాన్’ వాద్యసాహాయ్యము లేకుండ కంఠములతోనే మొదలగును; నోలన్ ముందుండి పాడిన ఆ విషాదగీతము విని, వీరిని తేలికగా చూచిన విమర్శకులును కొంత నోరు కట్టుకొనిరి. ఏడాది తిరుగకముందే మూడు అగ్రస్థానములు! ఇద్దరు స్త్రీలు ఇద్దరు పురుషులు గల స్వీడను వారి అబ్బా బృందము అప్పుడే పాట చాలించుచుండుటచే, వీరిని ఆంగ్లేయుల అబ్బా యని పత్రికలు పిలువసాగెను. కాని ముఖ్యమైన భేద మొకటి మరువరాదు. అబ్బాలోని ఇద్దరు పురుషులే ఆ పాటల కర్తలు. బక్స్ ఫిజ్ నలుగురును మాత్రము ఎక్కువభాగము ఇతరులు కట్టిన పాటకు గొంతిచ్చినవారు. రికార్డు పరిశ్రమలో ధనము ఏండ్ల తరబడి ప్రవహించునది గీతకర్తకును ప్రచురణకర్తకును. గాయకునికి దక్కు భాగము చిన్నది. దేశమంతయు ముఖము గుర్తుపట్టు ఆ నలుగురికిని ఆ కీర్తికి తగిన ద్రవ్యము చేతికి రాలేదు. తరువాతి కలహములన్నింటికిని బీజము ఇచ్చట పడినది.

1983 సంవత్సరము మొత్తముపై మంచిదే. ‘వెన్ వి వర్ యంగ్’ మొదలగు పాటలు మొదటి పదింటిలో చేరినవి. 1984 నాటికి ఆదరణ తగ్గనారంభించెను. ఆ డిసెంబరు 11వ తేదీ రాత్రి న్యూకాజిల్ నగరమున కచేరి ముగించుకొని బసకు పోవుచుండగా వారి బస్సు ఘోరప్రమాదమునకు లోనయ్యెను. చెరిల్ బేకర్ వెన్నుపూసలు విరిగినవి. ఆస్టన్‌కును, బాబీ జీకిని దెబ్బలు తగిలినవి. అందరికంటె హెచ్చుగా గాయపడినవాడు నోలన్. తలకు తగిలిన దెబ్బచే దినములతరబడి స్పృహ లేక పడియుండి, మృత్యుముఖమునుండి మరలివచ్చెను గాని, చూపు కొంత, జ్ఞాపకశక్తి కొంత పోగొట్టుకొనెను. తన పాటల పదములు తనకే గుర్తుండని గాయకుడు మరల వేదిక నెక్కుట సామాన్యమైన సాహసము కాదు, అతడు ఎక్కెను. శిరోగాయములకు లోనైనవారి కొరకు ‘హెడ్‌ఫస్ట్’ అను ధర్మసంస్థ ఈ ప్రమాదము మూలముగనే పుట్టినది, చెరిల్ బేకర్ దానికై చిరకాలము పాటుపడినది.

శరీరముల గాయములు మానకముందే మనసుల గాయములు మొదలైనవి. 1985లో జే ఆస్టన్ బృందమును విడిచెను. బృందమును కూర్చిన మార్టిన్‌కును ఆమెకును నడుమ నడచిన గృహకలహమును లండను పత్రికలు కొని అచ్చువేసి అమ్ముకొన్నవి. అందలి వివరములు ఈ చరిత్రమునకు అనవసరములు. వ్యాజ్యములు నడచినవి, నలుగురి స్నేహము చెడినది, అంతవరకు చాలును. వందలకొలదిగా వచ్చిన యువతులనుండి షెల్లీ ప్రెస్టన్ అను నామెను ఆ స్థానమునకు ఎన్నుకొనిరి. ఆర్.సి.ఏ. సంస్థనుండి పోలిడార్ సంస్థకు మారి, 1986లో ‘న్యూ బిగినింగ్’ అను పాటతో మరల మొదటి పదింటిలో కాలుమోపిరి. దీపము మలగబోవుచు ఒక్కసారి వెలిగినట్లయినది. 1988లో హిల్, సిన్‌ఫీల్డ్‌ల రచన ‘హార్ట్ ఆఫ్ స్టోన్’ పాడగా పట్టించుకొన్నవారు తక్కువ. అమెరికా గాయని షేర్ పాడి, దానినే తన గ్రంథపు శీర్షికగా చేసికొన్నప్పుడు మాత్రము లోకము తలయూపినది. గ్రంథమనగా గానగ్రంథమే, వారు ఆల్బమనునది.

ఇక బృందము కరగసాగెను. ప్రెస్టన్ పోయెను. 1993లో బేకర్ టెలివిజన్ కార్యక్రమముల నిర్వహణకు తరలెను. 1996లో నోలన్ విడిచెను. మిగిలినవాడు బాబీ జీ ఒక్కడు. అతడు డాలర్ అను జంటగానబృందమున పేరు పొందిన డేవిడ్ వాన్ డేను చేర్చుకొనెను. ఆ పొత్తు నిలువలేదు. వాన్ డే బయటికి వచ్చి నోలన్‌ను కలుపుకొని తానును ఒక బక్స్ ఫిజ్ నడుపనారంభించెను. దేశమున ఒకే పేరుతో రెండు బృందములు, ఒకే పాటలు, ఒకే లంగాల చమత్కారముతో విడిది పట్టణములలో తిరిగినవి. టిక్కెట్టు కొన్న ప్రేక్షకుడు ఏ బక్స్ ఫిజ్‌ను చూడబోవుచున్నాడో తెర లేచువరకు ఎరుగని విచిత్రస్థితి. వ్యవహారము న్యాయస్థానముదాక పోయి, రాజీతో కొంతకాలము సద్దణగెను.

అటుపిమ్మట కథ మలుపు తిరిగినది. బేకర్, నోలన్, ప్రెస్టన్ ముగ్గురును 2004లో పాతపాటల కచేరీలకు ఒక్కటైరి; 2009లో ప్రెస్టన్ స్థానమున, ఇరువదినాలుగేండ్ల పగను విడిచి, జే ఆస్టన్ తిరిగివచ్చెను. 1981 నాటి నలుగురిలో ముగ్గురు ఇట చేరిరి, ఒక్కడు అట నిలిచెను. ఈ ముగ్గురును తమ్ము తాము ‘అసలు బక్స్ ఫిజ్’ అని ప్రకటించుకొనిరి. కాని అప్పటికే ఆ పేరు ట్రేడ్‌మార్కుగా బాబీ జీ భార్యయు, ఆ పక్షపు బృందమున గాయనియు నగు హైదీ మాంటన్ పేర దాఖలై యుండెను. వివాదము మేధోసంపత్తి కార్యాలయమునకు పోగా, 2011లో వచ్చిన తీర్పు మాంటన్ పక్షమున నిలిచెను. డబ్లిన్‌లో గెలిచినప్పుడు బృందమున లేని వ్యక్తి ఆ పేరునకు యజమాని. గెలిచిన నలుగురిలో ముగ్గురికి దానిని వాడుకొను హక్కు లేదు!

చదువరులు దీనిని అన్యాయమని వాపోవుట సహజము. నేను మాత్రము ఆ అధికారిని తప్పుపట్టను. ట్రేడ్‌మార్కు చట్టము అడుగు ప్రశ్న ‘ఎవరు పాడిరి’ అనునది కాదు. ‘ఆ పేరుతో విడువక వ్యాపారము నడిపినదెవరు, దానిని దాఖలు చేసినదెవరు’ అనునది. బేకర్, ఆస్టన్ విడిచిపోయినను, నోలన్ విడిచిపోయినను, ఆ పేరును భుజముపై మోసికొని ఊరూర తిరిగినవాడు బాబీ జీయే యనుట సత్యము. చిక్కు తీర్పులో లేదు, పుట్టుకలో నున్నది. మనుషుల కంటె ముందు పేరు పుట్టినది; ఆ పేరును ఆ నలుగురి కెన్నడును ఎవరును ధారపోయలేదు. తమ ముఖములతో, గొంతులతో, విరిగిన ఎముకలతో దానికి విలువ కట్టిపెట్టినవారు తామే గనుక అది తమదేయని వారనుకొనిరి. చట్టము అట్లనుకొనలేదు. గాయకులు యౌవనమున చేవ్రాలు చేయు పత్రముల నెంత శ్రద్ధతో చదువవలయునో తెలియగోరువారు ఈ కథను మరియొకసారి మొదటినుండి చదువుదురు గాక.

పేరు పోగొట్టుకొన్న ముగ్గురును కొంతకాలము తమ మూడు పేర్లనే చెప్పుకొని పాడిరి. తరువాత పాతపేరులో ముందుమాటను విడిచి, ‘ది ఫిజ్’ అని పిలుచుకొనసాగిరి. బాబీ జీ లేని లోటును పూరించుటకు వచ్చినవాడును ఒక బాబీయే. 1983లో స్వీట్ డ్రీమ్స్ అను బృందముతో యూరోవిజన్‌లో పాడిన బాబీ మెక్‌వే. ఎనుబదుల దశకమున బ్రిటిష్ పట్టికల నేలిన నిర్మాతలలో నొకడైన మైక్ స్టాక్ వీరికి క్రొత్తపాటలు కట్టగా, 2017లో ‘ది ఎఫ్-జెడ్ ఆఫ్ పాప్’ అను ఆల్బము వెలువడి, అరువదేండ్ల ప్రాయమున నున్న ఆ గాయకులను బ్రిటిష్ పట్టికలో మొదటి 40 స్థానములలోనికి తిరిగి తెచ్చినది. అందలి గొంతులలో డబ్లిన్ నాటి చురుకు తగ్గినది. పొత్తు మాత్రము ఆనాటికంటె బాగుగ కుదిరినది. బాబీ జీ పక్షమున బక్స్ ఫిజ్ అను పేరుతో కచేరీలు వేరుగ జరుగుచునే వచ్చినవి.

రాబోవు సంచికలో, ఎవరో కూర్చగా కాక తమంతట తామే 1980 ప్రాంతమున లండన్‌లో జతకూడి, పేరును సైతము తామే పెట్టుకొన్న ముగ్గురు యువతుల బృందము బననరామాను గూర్చి వ్రాయుదుము.